డబ్ల్యూడీజీ-4 గూడ్సు డీజిల్ లోకోమోటివ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

భారతీయ రైల్వేలో పాతికేళ్ళుగా బరువు బండ్లు లాగుతున్న డబ్ల్యూడీజీ-4 తరగతి గురించి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నందున ఈ ప్రశ్నలను ఒకచోట చేర్చాము. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా దాని జవాబు దానికదే పూర్తిగా ఉంటుంది.

## పుట్టుకకు ముందు

డబ్ల్యూడీజీ-4 అనే పేరులో ఒక్కో అక్షరానికి అర్థం ఏమిటి?

మొదటి అక్షరం 'డబ్ల్యూ' బ్రాడ్‌గేజ్‌ను, 'డీ' డీజిల్‌ను, 'జీ' గూడ్సును సూచిస్తాయి. చివరి అంకె ఒకప్పుడు కేవలం వరస సంఖ్య. 2000ల మొదట్లో వచ్చిన కొత్త పద్ధతిలో అది వేల హార్స్‌పవర్‌కు గుర్తు అయింది. కనుక 4 అంటే 4,000 హార్స్‌పవర్. అంకె తరువాత అక్షరం ఉంటే వందలను కలుపుకోవాలి, అంటే డబ్ల్యూడీజీ-3ఏ 3,100 హార్స్‌పవర్ లోకో. అయితే ఈ లెక్కను కళ్ళు మూసుకుని నమ్మకూడదు: డబ్ల్యూడీజీ-4డీలోని 'డీ' రెండు క్యాబులు (డ్రైవరు గదులు) ఉన్నాయని చెబుతుందే తప్ప 4,400 అని కాదు. పాత డబ్ల్యూడీఎం-2 కూడా 2,600 హార్స్‌పవర్‌తో పాత పేరుతోనే మిగిలిపోయింది.

ఇది రాకముందు గూడ్సు బండ్లను ఏ డీజిల్ ఇంజిన్లు లాగేవి?

దాదాపు మూడు దశాబ్దాలు ఆ భారం డబ్ల్యూడీఎం-2 మీద ఉంది. అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ రూపకల్పన చేసిన ఈ లోకోను వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ 1964 నుంచి తయారు చేసింది. 'ఎం' అక్షరం చెప్పినట్లే అది ప్యాసింజర్ బండికీ గూడ్సుకూ రెండింటికీ పనికివచ్చేది. ఆల్కో సంస్థ 1969లో మూతపడినా దాని 251 ఇంజిన్ మాత్రం వారణాసిలో తరం తరువాత తరంగా మెరుగుపడుతూ బతికింది. ఆ వరసలోనే 1990ల మధ్యలో గూడ్సు కోసం ప్రత్యేకంగా 3,100 హార్స్‌పవర్ లోకో ఒకటి వచ్చింది. మొదట దానిని డబ్ల్యూడీజీ-2 అన్నారు, తరువాత డబ్ల్యూడీజీ-3ఏ అయింది.

1960లలోనే జీఎం ఇంజిన్లు మన దేశానికి వచ్చాయి కదా, అప్పుడే వాటిని ఇక్కడ ఎందుకు తయారు చేయలేదు?

వచ్చిన మాట నిజం. 1960ల ఆరంభంలో జనరల్ మోటార్స్ నుంచి 72 లోకోలు దిగుమతి అయ్యాయి. వాటి తరగతి పేరు డబ్ల్యూడీఎం-4. 1969లో హౌరా, న్యూఢిల్లీ మధ్య మొదటి రాజధాని ఎక్స్‌ప్రెస్‌ను లాగింది ఆ తరగతే. వాటిని నడిపినవారిలోనూ మరమ్మతు చేసినవారిలోనూ వాటికి మంచి పేరుండేది. కానీ దేశానికి కావలసింది లోకోలు మాత్రమే కాదు, వాటిని సొంతంగా తయారు చేసుకునే పరిజ్ఞానం కూడా. దానిని ఇవ్వడానికి ఆల్కో ఒప్పుకుంది, జనరల్ మోటార్స్ ఒప్పుకోలేదు. ఆ ఒక్క నిర్ణయంతో మన పట్టాల మీద మూడు దశాబ్దాలు ఆల్కో మోతే వినిపించింది. సాంకేతికంగా మెరుగైనదాన్ని వదులుకున్నామని విచారించేవారు ఇప్పటికీ ఉన్నారు గానీ, వారణాసిలో పనిచేతులు తయారైంది ఆల్కో మీదనేనన్న సంగతిని వారు తక్కువగా తూస్తారు.

డబ్ల్యూడీజీ-3ఏ ఉండగా మళ్ళీ కొత్త తరగతి ఎందుకు కావలసివచ్చింది?

డబ్ల్యూడీజీ-3ఏ మంచి లోకోనే. దాని బోగీలో, అంటే ఇరుసులను పట్టి ఉంచే అడుగు చట్రంలో, చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటార్లన్నీ ఒకే దిశకు తిప్పి అమర్చడం వల్ల, బండిని లాగేటప్పుడు ముందు ఇరుసుల మీది బరువు వెనక్కి జారిపోవడం తగ్గింది. అయినా లోపల ఉన్నవి డీసీ మోటార్లు. వాటిలో తిరిగే భాగానికి కరెంటు అందించే కమ్యుటేటర్, కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. ఎత్తు ఎక్కుతూ నెమ్మదిగా పాకే బరువు బండిలో మోటారు గుండా పారే కరెంటు విపరీతంగా పెరుగుతుంది, కొన్ని నిమిషాలకు మించి ఆ స్థితిలో ఉంచితే మోటారు కాలిపోతుంది. కనుక ఇంజిన్‌లో శక్తి మిగిలి ఉన్నా మోటారు ఓర్చుకోలేక బండి బరువును తగ్గించవలసి వచ్చేది. ఆల్కో ఇంజిన్‌ను ఎంత పెంచినా ఈ అడ్డంకి తొలగదు. దానికి మోటారు జాతినే మార్చాలి.

## రాక, తయారీ

మొదటి డబ్ల్యూడీజీ-4లు ఎప్పుడు వచ్చాయి? హుబ్లీ షెడ్‌కే ఎందుకు పంపారు?

1995లో జనరల్ మోటార్స్‌తో సాంకేతిక పరిజ్ఞాన బదిలీతో కూడిన ఒప్పందం కుదిరింది, 1999లో మొదటి లోకోలు దేశంలో అడుగుపెట్టాయి. తయారీదారు లెక్కలో వాటి నమూనా పేరు జీటీ46మ్యాక్. మన లెక్కలో 12001 నుంచి నంబర్లు మొదలయ్యాయి. కొన్ని పూర్తిగా తయారై వచ్చాయి, మరికొన్ని విడిభాగాలుగా వచ్చి వారణాసిలో జోడింపబడ్డాయి.

హుబ్లీని ఎంచుకోవడానికి కారణం బ్రగాంజా ఘాట్. హోస్పేట ప్రాంతంలో తవ్విన ఇనుప ఖనిజం గోవాలోని మోర్ముగావ్ రేవుకు చేరాలంటే క్యాజిల్‌రాక్, కులెం స్టేషన్ల మధ్య పడమటి కనుమలను దాటాలి. అక్కడి వాలు 37కి 1, అంటే ప్రతి 37 మీటర్ల దూరానికి మార్గం 1 మీటరు దిగుతుంది. మన ప్రధాన మార్గాలలో అధిక భాగం 100కి 1 లేదా అంతకన్నా తేలికైన వాలుతో ఉంటాయని గుర్తుంచుకుంటే ఈ ఘాట్ ఎంత కఠినమో తెలుస్తుంది. దూధ్‌సాగర్ జలపాతం పక్కగా సాగే ఆ మార్గంలో వానాకాలం నెలల తరబడి పట్టాలు తడిసే ఉంటాయి. కొత్త లోకోను పరీక్షించడానికి అంతకన్నా నిర్దాక్షిణ్యమైన చోటు దొరకదు. అప్పటికి హుబ్లీ డివిజన్ సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలో భాగం. 2003లో అది కొత్తగా ఏర్పడిన నైరుతి రైల్వేకు వెళ్ళింది.

ఇక్కడే తయారవడం ఎప్పటి నుంచి?

వారణాసిలో దేశీయంగా తయారైన మొదటి డబ్ల్యూడీజీ-4 2002లో బయటకు వచ్చింది. మొదట్లో ఖరీదైన భాగాలు, ముఖ్యంగా ఎలక్ట్రానిక్ పరికరాలు దిగుమతి అయ్యేవి, సంవత్సరాలు గడిచేకొద్దీ వాటిలో చాలావరకు దేశంలోనే దొరకసాగాయి. తరువాతి లోకోల సామర్థ్యాన్ని 4,500 హార్స్‌పవర్‌కు పెంచారు. ఉత్పత్తి వేగం పెరిగాక 12000 వరస చాలక 70000 వరస నంబర్లు ఇచ్చారు. అదే కార్ఖానా పేరు 2020 అక్టోబరులో బనారస్ లోకోమోటివ్ వర్క్స్‌గా మారింది.

కొందరు జీఎం ఇంజిన్ అంటారు, కొందరు ఈఎండీ అంటారు, ఇంకొందరు క్యాటర్‌పిల్లర్ అంటారు. ఏది సరైనది?

మూడూ సరైనవే, కాలం వేరు. ఈఎండీ జనరల్ మోటార్స్‌లో లోకోమోటివ్‌లు చేసే విభాగం. 2005లో జనరల్ మోటార్స్ దానిని పెట్టుబడి సంస్థలకు అమ్మింది. 2010లో క్యాటర్‌పిల్లర్‌కు చెందిన ప్రోగ్రెస్ రైల్ దానిని కొనుక్కుంది. షెడ్లలో మాత్రం ఇప్పటికీ లోకోలను 'ఆల్కో', 'జీఎం' అని రెండు కులాలుగానే పిలుస్తారు.

## లోపల ఏముంది

డీజిల్ ఇంజిన్ అంటూనే డీజిల్-ఎలక్ట్రిక్ అంటారేమిటి?

డీజిల్ ఇంజిన్‌కూ చక్రాలకూ మధ్య గేర్‌బాక్సు ద్వారా నేరుగా సంబంధం లేదు కాబట్టి. ఇంజిన్ చేసే పని ఆల్టర్నేటర్‌ను తిప్పడం. అందులో పుట్టిన కరెంటును డబ్ల్యూడీజీ-4లో మొదట డీసీగా మారుస్తారు, ఆ డీసీని ఇన్వర్టర్లు మళ్ళీ మూడు ఫేజుల ఏసీగా మార్చి, ఇరుసుకు ఒకటి చొప్పున ఉన్న ఆరు మోటార్లకు పంపుతాయి. చివరి మెట్టులో ఏసీ వోల్టేజీనీ ఫ్రీక్వెన్సీనీ మనకు కావలసినట్టు మార్చుకోగలగడమే ఈ తిరుగుడంతటికీ ప్రయోజనం, ఎందుకంటే ఇందులో వాడే ఏసీ ఇండక్షన్ మోటారు వేగాన్ని నిర్ణయించేది ఫ్రీక్వెన్సీయే. ఒక విధంగా ఇది తన విద్యుత్ కేంద్రాన్ని వీపున మోసుకు తిరిగే ఎలక్ట్రిక్ లోకో.

డబ్ల్యూడీజీ-3ఏ 3,100 హార్స్‌పవర్ ఎక్కడ, దీని 4,000 ఎక్కడ? మూడో వంతు కూడా పెరగని శక్తితో లాగే బలంలో అంత తేడా ఎలా వచ్చింది?

ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది దీనినే. బరువు బండిని కదిలించేటప్పుడు నిర్ణయించేది హార్స్‌పవర్ కాదు, చక్రానికీ పట్టాకూ మధ్య ఉండే పట్టు. ఒక చిన్న లెక్క చూస్తే ఇది తేటపడుతుంది. డబ్ల్యూడీజీ-4 మొదటి కదలికలో లాగే బలం 540 కిలోన్యూటన్లు, అంటే సుమారు 55 టన్నులు. గంటకు 5 కిలోమీటర్ల వేగంలో అంత బలాన్ని నిలుపుకోవడానికి చక్రాల దగ్గర కావలసింది దాదాపు 1,000 హార్స్‌పవర్ మాత్రమే. మిగతా 3,000 ఆ క్షణంలో ఉన్నా లేనట్టే.

ఇప్పుడు బరువులతో పోల్చి చూడండి. డబ్ల్యూడీఎం-2 బరువు సుమారు 113 టన్నులు, మొదటి కదలికలో లాగే బలం సుమారు 30 టన్నులు, అంటే తన బరువులో 27 శాతం. డబ్ల్యూడీజీ-3ఏ బరువు 123 టన్నులు, బలం 38 టన్నులు, అంటే సుమారు 31 శాతం. డబ్ల్యూడీజీ-4 బరువు 126 టన్నులు, బలం 55 టన్నులు, అంటే దాదాపు 44 శాతం. బరువు మూడు టన్నులు పెరిగితే బలం పదిహేడు టన్నులు పెరిగింది. ఉక్కు చక్రం అదే, ఉక్కు పట్టా అదే, మారింది పట్టును వాడుకునే తెలివి.

ఆ తెలివి రెండు చోట్ల ఉంది. మొదటిది మోటారు స్వభావం. డీసీ సిరీస్ మోటారు చక్రం జారడం మొదలైతే భారం తగ్గి ఇంకా వేగంగా తిరగబోతుంది, జారుడు జారుడును పెంచుతుంది. ఇండక్షన్ మోటారు అలా చేయదు, ఇన్వర్టర్ ఇచ్చిన ఫ్రీక్వెన్సీకి తగిన వేగాన్ని సమీపించేకొద్దీ దాని తిప్పే బలం దానంతటదే పడిపోతుంది. రెండవది కంప్యూటర్. చక్రం ఏమాత్రం జారకుండా తిరిగినప్పటి కన్నా, లోకో నడిచే వేగాన్ని కొద్దిగా మించి తిరిగినప్పుడే పట్టు ఎక్కువగా దొరుకుతుంది. దీనినే క్రీప్ అంటారు. లోకో అడుగున అమర్చిన రాడార్ నేలను చూసి అసలు వేగాన్ని కొలుస్తుంది, కంప్యూటర్ చక్రాలను ఆ వేగానికి కొంచెం పైన నిలిపి ఉంచుతుంది. పాత లోకోలో అనుభవజ్ఞుడైన డ్రైవరు చెవితోనూ చేతితోనూ చేసిన పనిని ఇక్కడ రాడార్, కంప్యూటర్ చేస్తాయి. చక్రం ముందు ఇసుక చల్లే ఏర్పాటు ఇందులోనూ ఉంది, దాని అవసరం మాత్రం తగ్గింది.

డబ్ల్యూడీపీ-4లో కూడా అదే ఇంజిన్ కదా, దాన్ని గూడ్సుకు వాడితే సరిపోదా?

2001లో వచ్చిన డబ్ల్యూడీపీ-4 ప్యాసింజర్ బండ్ల కోసం చేసిన తోబుట్టువు. ఇంజిన్ అదే 4,000 హార్స్‌పవర్‌ది, కానీ తొలి డబ్ల్యూడీపీ-4లో ఆరు ఇరుసులకు గాను నాలుగింటికే మోటార్లు ఉండేవి, గేర్ల నిష్పత్తి కూడా వేగానికి అనువుగా ఉండేది. అందువల్ల మొదటి కదలికలో అది లాగే బలం డబ్ల్యూడీజీ-4లో దాదాపు సగమే. తరువాత వచ్చిన డబ్ల్యూడీపీ-4బీలో ఆరు ఇరుసులకూ మోటార్లు పెట్టారు.

దీని మోత ఆల్కోలా ఎందుకు ఉండదు? నల్లటి పొగ కూడా అంతగా రాదేం?

ఆల్కో 251 ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, డబ్ల్యూడీజీ-4లోని 710 టూ స్ట్రోక్ ఇంజిన్. 710 అనేది ఒక్కో సిలిండర్ ఘనపరిమాణం ఘనపు అంగుళాలలో, లీటర్లలో చెప్పాలంటే సుమారు 11.6. అటువంటివి 16 ఉన్నాయి. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టులోనూ ప్రతి సిలిండర్ మండుతుంది కనుక ఆల్కోలో వినిపించే తడబాటు నడక బదులు ఒకే ధారగా సాగే హోరు వినిపిస్తుంది.

పొగ సంగతికి వస్తే, ఆల్కోలో టర్బోచార్జర్‌ను తిప్పేది ఎగ్జాస్టు వాయువే. లోకో పైలట్ నాచ్ (శక్తిని పెంచే మీటలో మెట్టు) పెంచగానే డీజిల్ ఎక్కువ పడుతుంది, కానీ టర్బో పుంజుకుని తగినంత గాలి పంపడానికి కొంత వ్యవధి పడుతుంది, ఆ వ్యవధిలో సగం కాలిన ఇంధనమే ఆకాశానికెగసే నల్లటి మేఘం. 710లో తక్కువ వేగంలో టర్బోను ఇంజిన్ తన గేర్లతోనే తిప్పుతుంది, ఎగ్జాస్టు బలం చాలినంత పెరిగాక ఒక క్లచ్ ఆ గేర్లను విడదీస్తుంది. గాలి ముందే సిద్ధంగా ఉంటుంది గనుక పొగ తక్కువ. ఫోటోలు తీసేవారికి ఇది నిరాశే.

ఆల్కోకు వాడే ఇంజిన్ ఆయిల్ దీనికి ఎందుకు పొయ్యకూడదంటారు?

ఈ ఇంజిన్‌లో పిస్టన్ పిన్ను బేరింగులకు వెండి పూత ఉంటుంది. సాధారణ ఇంజిన్ ఆయిళ్ళలో అరుగుదలను తగ్గించడానికి కలిపే జింకు సమ్మేళనాలు ఆ వెండిని తినేస్తాయి. అందువల్ల జింకు లేని ఆయిల్ మాత్రమే వాడాలి. రెండు జాతుల లోకోలూ ఉన్న షెడ్‌లో ఆయిల్ పీపాలను వేరువేరుగా ఉంచడానికి కారణం ఇదే.

ఒక మోటారు లేదా ఇన్వర్టర్ చెడిపోతే బండి ఆగిపోతుందా?

తొలి డబ్ల్యూడీజీ-4లలో బోగీకి ఒకటి చొప్పున రెండే ఇన్వర్టర్లు ఉండేవి, ఒక్కొక్కటి తన బోగీలోని మూడు మోటార్లనూ కలిపి నడిపేది. ఒకటి పోతే మూడు మోటార్లూ పోయి సగం బలం మిగిలేది. ఘాట్ మీద సగం బలం అంటే ఆగిపోవడమే. ఒకే ఇన్వర్టర్ మూడు మోటార్లకూ ఒకే ఫ్రీక్వెన్సీ ఇస్తుంది కాబట్టి ఒక బోగీలోని చక్రాల వ్యాసాలు దాదాపు సమానంగా ఉండాలి, లేకపోతే పెద్ద చక్రం మోటారు మీద భారం ఎక్కువ పడుతుంది. తరువాతి లోకోలలో ఇరుసుకు ఒక ఇన్వర్టర్ పెట్టడంతో ఒకటి చెడితే ఆ ఒక్క మోటారునే పక్కన పెట్టి ముందుకు సాగే వీలు కలిగింది.

## పట్టాల మీద

ఇనుప ఖనిజం బండి ఘాట్ దిగుతుంది కదా, దిగడానికి ఇంత బలమైన ఇంజిన్ ఎందుకు?

దిగేటప్పుడు కావలసింది లాగే బలం కాదు, ఆపే బలం. 58 బాక్సెన్ (పైకప్పు లేని) వ్యాగన్ల నిండు బండి బరువు సుమారు 4,700 టన్నులు. అది మొత్తంగా 37కి 1 వాలు మీద ఉంటే బండిని కిందికి తోసే బలం దాదాపు 127 టన్నులు. దీనినంతటినీ గాలి బ్రేకులతోనే పట్టి ఉంచితే బ్రేకు దిమ్మలూ చక్రాలూ ఎర్రగా కాగిపోతాయి, పదేపదే వేసి వదిలితే పైపులో గాలి తగ్గిపోతుంది. అందువల్ల డైనమిక్ బ్రేకింగ్ ప్రాణాధారం: దిగేటప్పుడు మోటార్లు జనరేటర్లుగా మారి చక్రాలను అడ్డుకుంటాయి, పుట్టిన కరెంటు లోకో పైభాగంలోని రెసిస్టర్లలో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. డీసీ మోటార్లలో వేగం తగ్గేకొద్దీ ఈ బ్రేకు బలహీనపడుతుంది, ఏసీ మోటార్లలో బండి దాదాపు ఆగేవరకూ పనిచేస్తుంది. ఘాట్ మీద నెమ్మదిగా దిగే బండికి ఈ తేడా చాలా పెద్దది.

ఎక్కే బరువు కూడా లేకపోలేదు. మోర్ముగావ్ రేవులో దిగిన బొగ్గు ఉక్కు కర్మాగారాలకు చేరాలంటే అదే ఘాట్ ఎక్కాలి. అప్పుడు ముందు లోకోలతో పాటు వెనుక నుంచి తోసే బ్యాంకర్లు కూడా కావాలి.

కొన్నిసార్లు క్యాబ్ వెనక ఉండి పొడవాటి ముక్కు ముందు ఉంటుంది. అలా ఎందుకు నడుపుతారు?

మొదటి డబ్ల్యూడీజీ-4లకు ఒకవైపే క్యాబ్ ఉంది. గమ్యంలో లోకోను తిప్పే సదుపాయం లేకపోతే తిరుగు ప్రయాణంలో పొడవాటి హుడ్ ముందుండక తప్పదు. అప్పుడు లోకో పైలట్ పదిహేను మీటర్లకు పైగా ఇనుప గోడ పక్క నుంచి సిగ్నల్ కోసం వెతుక్కోవాలి. వంపు అవతలి వైపున ఉంటే సహాయకుడు చూసి చెప్పాలి. లోకోకు మోటార్లలో, కంప్యూటర్లలో అంత శ్రద్ధ పెట్టి, నడిపే మనిషి కంటిచూపును మాత్రం ఇన్నేళ్ళు వాయిదా వేయడం ఈ తరగతి చరిత్రలో సమర్థించలేని విషయం. 2010ల మొదట్లో వచ్చిన డబ్ల్యూడీజీ-4డీలో రెండు చివర్లా క్యాబులు పెట్టడంతో ఆ ఇబ్బంది తీరింది.

గూడ్సు ఇంజిన్ అయితే ఎక్స్‌ప్రెస్ బండ్లకు ఎందుకు తగిలిస్తున్నారు?

లాగలేకపోవడం అనేది ఎప్పుడూ లేదు, వేగం పరిమితే అడ్డు. ఘాట్ మార్గాలలోనూ, వేగం అంతగా పెరగని మార్గాలలోనూ గంటకు 100 కిలోమీటర్లు సరిపోతుంది.

## ఇప్పుడు

డబ్ల్యూడీజీ-4జీ అంటే ఇదే తరగతిలో కొత్త రకమా?

కాదు, పేరు మాత్రమే దగ్గర. అది జనరల్ ఎలక్ట్రిక్ రూపకల్పన చేసిన వేరే లోకో, ఇంజిన్ ఫోర్ స్ట్రోక్. 2015లో కుదిరిన ఒప్పందం ప్రకారం బీహార్‌లోని మఢౌరాలో 1,000 లోకోలు తయారు చేయాలి, వాటిలో 700 4,500 హార్స్‌పవర్‌వి, 300 6,000 హార్స్‌పవర్‌వి. మొదటిది 2017 అక్టోబరులో ముంద్రా రేవులో దిగింది. వ్యాపారం 2019లో వాబ్‌టెక్ చేతికి వెళ్ళింది.

మార్గాలన్నీ కరెంటు కిందికి వచ్చాక వీటి పని అయిపోయినట్టేనా?

పని తగ్గింది, పోలేదు. బ్రాడ్‌గేజ్ మార్గాల విద్యుదీకరణ ఊపందుకున్నాక వారణాసి కార్ఖానా భారతీయ రైల్వే కోసం డీజిల్ లోకోలు చేయడం మాని ఎలక్ట్రిక్ లోకోల వైపు తిరిగింది. డబ్ల్యూడీజీ-4లను చూసిన గుత్తి, కాజీపేట వంటి డీజిల్ షెడ్లు ఇప్పుడు ఎలక్ట్రిక్ లోకోలను కూడా నిర్వహిస్తున్నాయి. అయినా తుఫానుకు పైతీగలు తెగినప్పుడు, తీగలు లేని సైడింగులలోకి వెళ్ళవలసి వచ్చినప్పుడు, మార్గం మరమ్మతుల కోసం కరెంటు ఆపినప్పుడు పిలుపు వచ్చేది డీజిల్‌కే. ఆల్కోలు ముందు వరసలో తుక్కుకు పోగా, వయసులో చిన్నవి గనుక డబ్ల్యూడీజీ-4లు నిలిచాయి.

డీజిల్ లోకోలను ఎలక్ట్రిక్‌గా మార్చారని విన్నాను. డబ్ల్యూడీజీ-4లను అలా మార్చేస్తే పోలేదా?

వారణాసిలో రెండు డబ్ల్యూడీజీ-3ఏ లోకోలను ఒక జంటగా, మొత్తం 10,000 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ లోకోగా మార్చారు. ఆ పని 69 రోజుల్లో ముగిసింది, 2019 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి దానికి జెండా ఊపారు. ఆ పద్ధతి ప్రయోగదశ దాటి విస్తరించలేదు. డబ్ల్యూడీజీ-4 విషయంలో కాగితం మీద మార్పు ఇంకా సులువుగా కనబడుతుంది, ఎందుకంటే మూడు ఫేజుల మోటార్లూ ఇన్వర్టర్లూ అందులో ముందే ఉన్నాయి. కానీ డీజిల్ ఇంజిన్ తీసేశాక అక్కడ ట్రాన్స్‌ఫార్మర్, పైకప్పున తీగ నుంచి కరెంటు అందుకునే ప్యాంటోగ్రాఫ్ పెట్టి ఇరుసుల మీది బరువు మళ్ళీ సరిచేయాలి, నియంత్రణ వ్యవస్థనంతా కొత్తగా రాయాలి. అదంతా చేసిన తరువాత చేతిలో మిగిలేది పాత బోగీలూ పాత చట్రమూ ఉన్న ఎలక్ట్రిక్ లోకో, పోయేది కరెంటు లేనప్పుడు కదలగలిగిన ఒక మంచి డీజిల్.